ట్యూబాకు తగిన పెట్టె

ఈ ప్రసంగం ఒక పెద్ద ఇత్తడి వాయిద్యాన్ని భద్రపరిచే పెట్టె గురించి. ఆ వాయిద్యం ట్యూబా. పోలీసు బ్యాండు, సైనిక బ్యాండు కవాతులో వాయిస్తున్నప్పుడు మిగతా వాయిద్యాలన్నిటి అడుగున, నేలలోంచి వస్తున్నట్టు వినిపించే మంద్రస్వరం ఈ వాయిద్య కుటుంబానిదే. అమెరికాలో స్కూలు బ్యాండులో చేరిన మన తెలుగు పిల్లల్లో కొందరి ఒడిలోకి కూడా ఇది చేరుతోంది. అప్పటిదాకా వీణో వయొలినో మాత్రమే ఇంట్లో చూసిన తల్లిదండ్రులకు ఇంత ఇత్తడిని ఎలా దాచాలో, ఎలా మోసుకెళ్ళాలో కొత్త సమస్య. కొత్త ట్యూబా వేల డాలర్ల ఖరీదు కనుక చాలామంది సెకండ్ హ్యాండ్‌లో కొంటారు. అలా కొన్నదానికి తరచుగా పెట్టె ఉండదు. ఉన్నా విరిగినదో, వేరే ట్యూబాదో అయి ఉంటుంది. అక్కడి నుంచి పాత హార్డ్ కేసు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఎంత గట్టిది, ఎంతకిస్తారు, చూడ్డానికి ఎలా ఉంది అని అడుగుతాం. నేను చెప్పబోయేది ఒక్కటే: ఈ మూడూ తర్వాత అడగవలసిన ప్రశ్నలు. ముందు అడగవలసింది మన ట్యూబా అందులో అమరుతుందా అని. అమరని గట్టి పెట్టె కాపాడుతున్నట్టే ఉండి వాయిద్యాన్ని పాడుచేస్తుంది.

ఈ మాటకు మొదటి ఆధారం ట్యూబా చరిత్రలోనే ఉంది. 1835 సెప్టెంబరు 12న బెర్లిన్‌లో సైనిక బ్యాండుల నాయకుడు విల్‌హెల్మ్ వీప్రెఖ్ట్, వాయిద్యాల తయారీదారు యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ కలిసి దీనికి పేటెంటు తీసుకున్నారు. అది ఎఫ్ శ్రుతిది, ఐదు వాల్వులది. ఆ తర్వాత ఏ దేశం దారి ఆ దేశానిది. జర్మన్, చెక్ ప్రాంతాల్లో గిరగిరా తిరిగే రోటరీ వాల్వులు స్థిరపడ్డాయి. ఇంగ్లండులో పైనుంచి నొక్కే పిస్టన్లు వచ్చాయి. అక్కడ డేవిడ్ బ్లేక్లీ రూపొందించిన, శ్రుతిని సరిదిద్దే కాంపెన్సేటింగ్ పద్ధతితో వాల్వుల వెనక అదనపు గొట్టాలు చేరి ఆ భాగం మరింత మందమైంది. అమెరికాలో ముందువైపు నుంచి నొక్కే పిస్టన్లకు ఆదరణ పెరిగింది. ఇవాళ ఎఫ్, ఇ-ఫ్లాట్, సి, బి-ఫ్లాట్ అని నాలుగు శ్రుతుల ట్యూబాలు వాడుకలో ఉన్నాయి. గొట్టాన్ని సాగదీసి కొలిస్తే ఎఫ్ ట్యూబా సుమారు 12 అడుగులు, బి-ఫ్లాట్ ట్యూబా సుమారు 18 అడుగులు. వాల్వులు మూడు నుంచి ఆరు దాకా ఉండొచ్చు. గరాటులా విచ్చుకునే చివరి భాగాన్ని బెల్ అంటారు; దాని వెడల్పు 14 అంగుళాల నుంచి 20 అంగుళాల దాకా మారుతుంది. పైనుంచి నొక్కే పిస్టన్లుంటే బెల్ సాధారణంగా వాయించేవారి కుడివైపుకు వస్తుంది. ముందు పిస్టన్లు గానీ రోటరీ వాల్వులు గానీ ఉంటే ఎడమవైపుకు వస్తుంది. కాబట్టి ఎత్తూ బెల్లూ సరిసమానంగా ఉన్న రెండు ట్యూబాలకు కూడా ఒకే పెట్టె పనికిరాకపోవచ్చు. ఒకదానికి మెత్త ఉన్నచోట రెండోదానికి వాల్వులుంటాయి.

అమ్మేవారు చెప్పే సైజులు ఈ గందరగోళాన్ని తీర్చవు. ట్యూబాలను 3/4, 4/4, 5/4, 6/4 అని పిలుస్తారు. వినడానికి కొలతల్లా ఉంటాయి గానీ ఇవి ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకున్న అంచనాలు. ఒకరి 4/4 పక్కన ఇంకొకరి 4/4 పెడితే ఒకటి పెద్దదిగా, మరొకటి చిన్నదిగా కనబడటం మామూలే. మోడల్ నంబరును కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. అమెరికాలో కింగ్ కంపెనీ 2341 అనే నంబరుతోనే ఒకప్పుడు ఒక రూపం, తర్వాత ఇంకో రూపం అమ్మింది. నంబరు కలిసింది కదా అని కొన్న పెట్టెలో వాయిద్యం కూర్చోకపోవచ్చు. అందుకే "ట్యూబా కేసు, ఫుల్ సైజు" అనే ప్రకటనను నేను సమాచారంగా లెక్కపెట్టను. లోపలి కొలతలు చెప్పని ప్రకటన ఏమీ చెప్పనట్టే.

ఇక రెండో ఆధారం ఇత్తడి స్వభావం. ట్యూబా బరువు రమారమి 8 నుంచి 13 కిలోలు. అంత బరువున్నా దాని ఒంటి రేకు మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. మామూలు పసుపు ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. అది వంచితే వంగుతుంది, నొక్కితే నొక్కుకుపోతుంది. బెల్‌కు పడిన చిన్న సొట్ట చూపుకు మాత్రమే చెడ్డది; నేర్పున్న పనివాడు దాన్ని సరిచేస్తాడు. వాల్వుల దగ్గర సంగతి వేరు. పిస్టనుకూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఉంటుంది. బయట తగిలిన దెబ్బకు ఆ గొట్టం రవ్వంత అండాకారమైతే చాలు, పిస్టన్ పట్టేస్తుంది. నోటి నుంచి వాల్వుల దాకా వెళ్ళే సన్నని గొట్టం అన్నిటికంటే పైకి తేలి ఉంటుంది గనుక ముందుగా వంగేది అదే. ఆనుకున్నచోట టంకం ఊడుతుంది. పెట్టె కాపాడవలసింది ముఖ్యంగా ఈ భాగాలను. గోడలు ఎంత మందమైనా, మూత మూసినప్పుడు ఆ సన్నని గొట్టాన్నే నొక్కే పెట్టె ఉండీ ప్రయోజనం లేదు.

గట్టిదనం ఎందుకు చాలదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 10 కిలోల ట్యూబా పెట్టెతో సహా 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కింద పడిందనుకుందాం. కారు డిక్కీలోంచి జారితే అంత ఎత్తే. నేల తగలగానే పెట్టె ఆగిపోతుంది, లోపలి వాయిద్యం ఆగదు. అది ఎంత దూరంలో ఆగుతుందన్న దాన్ని బట్టి దెబ్బ ఉంటుంది. పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే, వాయిద్యం మీద దాని బరువుకు ఎన్ని రెట్ల బలం పనిచేసిందో స్థూలంగా తెలుస్తుంది. మూడు సెంటీమీటర్ల మంచి మెత్త నెమ్మదిగా అణుగుతూ ఆపితే 20 రెట్లు, అంటే 200 కిలోల బరువు పెట్టినంత. ఆ మెత్త వాయిద్యం ఒంటికి విశాలంగా ఆనుకుని ఉంటే ఆ బలం అంత మేరా పరుచుకుంటుంది. అదే పెట్టెలో వాయిద్యం వదులుగా ఉండి, ఎదురుగా ఉన్న గట్టి గోడకు కొట్టుకుని రెండు మిల్లీమీటర్లలో ఆగితే 300 రెట్లు. అంటే మూడు టన్నుల బలం, అదీ బెల్ అంచు మీదో, వాల్వు మూత మీదో, ఒక్కచోట. గోడ గట్టిదైతే ఆ దెబ్బ ఇంకా గట్టిది. పెట్టె పైన గీత కూడా పడకుండా లోపల బెల్ మెడ దగ్గర ముడుచుకుపోవడం ఇలాగే జరుగుతుంది. బయట చూసినవారు పెట్టెను మెచ్చుకుంటారు. మూత తెరిచినవారు తల పట్టుకుంటారు.

అయితే అమరిక అంటే బిగువుగా ఉండటమేనా అని అడగొచ్చు. బిగువు ఎక్కువైనా ముప్పే. మూత మూయడానికి మోకాలితో నొక్కాల్సి వస్తే, మూసిన ప్రతిసారీ లోపల ఏదో ఒక గొట్టం మీద ఆ మోకాలి బరువు పడుతోందన్నమాట. సరైన అమరికలో బరువంతా బెల్ కింది మెడ భాగం మీదా, అడుగున ఉండే పెద్ద వంపు మీదా ఆనుతుంది. బెల్ అంచు గోడకు తగలకుండా గాలిలో ఉంటుంది. వాల్వుల మీదా, నోటి గొట్టం మీదా వేలు పట్టేంత ఖాళీ ఉంటుంది. పెట్టెను ఏ పక్కకు తిప్పినా వాయిద్యం కదలదు, దేనికీ ఒరుసుకోదు. దీన్ని పరీక్షించడానికి పెద్ద సామాను అక్కర్లేదు. చపాతీ పిండిని ఉసిరికాయంత ముద్దలు చేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బెల్ అంచు చివర, వాల్వుల మూతల మీద, నోటి గొట్టం మీద, అడుగు వంపు పక్కన పెట్టండి. మూత మెల్లగా దించి, క్లిప్పులన్నీ వేసి, మళ్ళీ తెరవండి. అప్పడంలా పలచబడిన ముద్ద దగ్గర మూత ఒత్తుతోంది. చెక్కుచెదరని ముద్ద దగ్గర ఖాళీ ఎక్కువ ఉంది. ముద్దల మందం స్కేలుతో కొలిస్తే ఎక్కడ ఎంత తేడా ఉందో తేలిపోతుంది. తర్వాత ఇద్దరు మనుషులు పెట్టెను ఎత్తి నాలుగు పక్కలకూ నెమ్మదిగా వంచాలి. లోపల ఎక్కడైనా దడ్‌మని చప్పుడైతే ఆ పెట్టె ఇంకా సిద్ధం కాలేదు.

ట్యూబాను తీసుకెళ్ళి చూసుకునే వీలు అందరికీ ఉండదు. అమ్మేవారు వేరే ఊళ్ళో ఉంటే కాగితం మీద పని మొదలుపెట్టాలి. పాత వార్తాపత్రికలు అతికించి నేల మీద పరిచి, ట్యూబాను దాని మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. ఆ బొమ్మ మీద నాలుగు కొలతలు రాసుకోవాలి: మొత్తం పొడవు, బెల్ వెడల్పు, వాల్వులతో సహా ఒంటి గరిష్ఠ వెడల్పు, నేల నుంచి అన్నిటికంటే పైకి లేచిన భాగం దాకా ఎత్తు. చివరిది చాలామంది మరిచిపోతారు. ఎక్కువగా తంటా వచ్చేదీ అక్కడే. అమ్మేవారిని పెట్టె లోపలి కొలతలే అడగాలి, బయటివి కాదు. మెత్త మందం పోగా మిగిలిన చోటు ఎంతో అడగాలి. టేపు లోపల పెట్టి తీసిన ఫోటో అడగాలి. వాల్వుల గుంట కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా అన్నది ఆ ఫోటోలోనే తేలిపోతుంది. ఇంతకుముందు అందులో ఏ ట్యూబా ఉండేదో చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఈ వివరాలు చెప్పడానికి విసుక్కునేవారి దగ్గర కొనకపోవడమే మేలు.

పాత పెట్టె అన్నాక వయసు కూడా చూడాలి. పాడైనవాటిలో కొన్ని బాగుచేయవచ్చు, కొన్నిటికి చేతులెత్తేయాలి. ఊడిన బందులు, తుప్పు పట్టిన క్లిప్పులు, తెగిన పిడి, అరిగిన చక్రాలు చిన్న విషయాలు. రివెట్లు తీసి కొత్తవి వేయవచ్చు. ప్లైవుడ్ పొరలు విడిపోయినా, మూతా అడుగూ వంకరపోయి అంచులు కలవకపోయినా ఆ పెట్టెను వదిలేయాలి. లోపలి ఫోము మీద వేలితో నొక్కి చూడండి. పాలీయూరెథేన్ ఫోము తేమకు ఏళ్ళ తరబడి కుళ్ళి జిగురుగా, పొడిగా మారుతుంది; ఆ పొడి వాల్వుల్లోకి చేరుతుంది. మన కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల గాలిలో ఇది మరింత తొందరగా జరుగుతుంది. పెట్టెలోని పదార్థాలు లోహానికి హానిచేసే ఆవిరిని వదులుతున్నాయనడానికి ముక్కుకు తగిలే వాసన కూడా సాక్ష్యమే. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ప్రకటించిన ఒక పరీక్ష ఉంది. ప్రదర్శన పెట్టెలో వాడబోయే గుడ్డనో చెక్కనో జిగురునో కొద్దిగా తీసుకుని, వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు తేమగా ఉన్న గాజుపాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహం నల్లబడినా, తుప్పు పట్టినా ఆ పదార్థం పనికిరాదని తేలుస్తారు. ఉన్ని గుడ్డల్లోని గంధకం వెండిని నల్లబరుస్తుందని, కొన్ని చెక్కలు ఆమ్లపు ఆవిరిని వదులుతాయని మ్యూజియాలకు బాగా తెలుసు. వెండి పూత ట్యూబా ఉన్నవారికి ఇది అక్కరకొచ్చే విషయం. పుల్లటి వాసన, బూజు వాసన వదలని పెట్టెలో వాయిద్యాన్ని నెలల తరబడి మూసి ఉంచకూడదు.

ఇప్పుడు ఎదురు వాదనలకు వద్దాం. అమరినా అమరకపోయినా మెత్తటి సంచి కంటే గట్టి పెట్టె నయం కదా అనేది మొదటిది. ప్రయాణం ఎలాంటిదన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇంటి నుంచి కారులో సాధన గదికి వెళ్ళి వచ్చేవారికి మంచి మెత్త ఉన్న సంచి చాలు. సంచి వాయిద్యానికి ఒంటినిండా చుట్టుకుని ఉంటుంది, లోపల అది కొట్టుకునే చోటే ఉండదు. పైగా సంచిలో ఉన్నదాన్ని మోసేవారు జాగ్రత్తగా పట్టుకుంటారు, దాని మీద ఇంకో సామాను పెట్టరు. గట్టి పెట్టెను చూస్తే అందరికీ ధైర్యం వస్తుంది. దాని మీద డ్రమ్ములు పేరుస్తారు, కూర్చుంటారు. ఆ ధైర్యానికి తగ్గ అమరిక లోపల లేనప్పుడు సంచే మెరుగు. స్కూలు బస్సులో, లారీలో, నలుగురి చేతులు మారే చోట మాత్రం సంచి నిలబడదు. అక్కడ గట్టి పెట్టె తప్పదు, అమరిక అంతకంటే తప్పదు.

రెండో వాదన ఇంకా బలమైనది. పెట్టె కాస్త పెద్దదైతే ఫోము నింపుకుంటే సరిపోదా అంటారు. చాలావరకు సరిపోతుందని ఒప్పుకుంటాను. అన్ని సైజులకూ పనికొస్తాయని అమ్మే పెట్టెలు ఈ పద్ధతి మీదే ఆధారపడ్డాయి. విడి మెత్తలను జరుపుకుంటూ అమర్చుకోవాలి. చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ సమంగా ఉంటే, ప్యాకింగులో వాడే నీరు పీల్చని గట్టి పాలిథిలిన్ ఫోము కోసి పెట్టి, పైన మెత్తని గుడ్డ తొడిగితే ఆ పెట్టె కొత్తదానితో సమానం. ఇందులో రెండు హద్దులున్నాయి. పరుపులో వాడే మెత్తటి స్పాంజి పనికిరాదు. 10 కిలోల బరువు పడగానే అది పూర్తిగా అణిగిపోయి, వాయిద్యం నేరుగా గోడను చేరుతుంది. అలాగే ఖాళీ అరచేయంత దాటితే ఫోము ముక్కలు దారిలో జారిపోతాయి, పెట్టె బరువూ పరిమాణమూ వృథాగా పెరుగుతాయి. ఇక చిన్న పెట్టెను పెద్దది చేయడానికి మార్గమే లేదు. మెత్త పీకేసి ఇరికించే ప్రయత్నాన్ని ఎంతటి నిపుణులు చెప్పినా నేను సమర్థించను.

విమానంలో వెళ్ళేటప్పుడు ఎంత పెద్ద, ఎంత బరువైన పెట్టె అయితే అంత మంచిదన్నది మూడో వాదన. అమెరికాలో 2015 మార్చి 6 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, విమానంలో చోటుంటే పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 150 అంగుళాలు, పెట్టెతో కలిపి 165 పౌండ్లు మించని వాయిద్యాన్ని చెక్-ఇన్ సామానుగా తీసుకోవాలి. 165 పౌండ్లంటే 75 కిలోలు. కాబట్టి పెద్ద పెట్టెకు చట్టం అడ్డురాదు. తీసుకోవడం వేరు, జాగ్రత్తగా దించడం వేరు. బరువైన సామానుకు అదనపు రుసుము ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ అది చేతుల్లోంచి జారే అవకాశమూ పెరుగుతుంది. నష్టం జరిగితే పరిహారం వస్తుంది కదా అంటారా, అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను నష్టానికి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రస్తుతం ఉన్న పరిమితి ఒక ప్రయాణికుడికి 1,519 స్పెషల్ డ్రాయింగ్ రైట్స్. అంటే సుమారు 2,000 డాలర్లు. విలువను ముందే ప్రకటించి అదనంగా చెల్లిస్తే తప్ప అంతకు మించి రాదు. ఆర్కెస్ట్రాలో వాయించే ట్యూబా ఖరీదు దీనికి ఎన్నో రెట్లు. దెబ్బ తగిలాక దొరికే డబ్బు కంటే, తగలకుండా చూసే రెండు సెంటీమీటర్ల ఫోము విలువైనది.

చివరి వాదన మనవాళ్ళకు సహజంగా తోచేది: పాతది వెతకడం దేనికి, కొలిచి చేయించుకోరాదా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. దాని పెట్టె దాని కొలతకే ఉండాలని వైణికులకు వేరే చెప్పనక్కర్లేదు. ట్యూబాకూ అదే న్యాయం వర్తిస్తుంది. సౌండ్ సిస్టం వాళ్ళ స్పీకర్లకు అల్యూమినియం అంచులతో ప్లైవుడ్ పెట్టెలు చేసేవారు మన నగరాల్లో ఉన్నారు. మన దేశంలో ట్యూబా ఉన్నవారికి, పాత కేసుల బజారు ఇక్కడ లేదు కనుక, అదే మంచి దారి. అమెరికాలో, ఐరోపాలో పనివారి కూలి ఎక్కువ. అలా చేయించిన పెట్టె వెయ్యి డాలర్లు దాటడం వింత కాదు. పాత కేసు అందులో కొంత వంతుకే దొరుకుతుంది. అందుకే అక్కడ వెతుకులాటకు అర్థం ఉంది. ఆ వెతుకులాటకు ఓపిక కావాలి. స్కూళ్ళు పాత సామాను వదిలించుకునేటప్పుడు, ఒక వాదకుడు ట్యూబా మార్చుకున్నప్పుడు, మరమ్మతు దుకాణంలో యజమాని రాని వాయిద్యాలు పోగుపడినప్పుడు పెట్టెలు బయటికి వస్తాయి. మన కొలతల కాగితం మరమ్మతు పనివాడి దగ్గర ఉంచితే, తగినది వచ్చిన రోజున కబురు చేయగలిగేవాడు అతనే.

కనుక ట్యూబా కొనబోయే తల్లిదండ్రులకూ, బ్యాండు నడిపే మాస్టర్లకూ నా విన్నపం ఇది. వాయిద్యం బేరమాడుతున్నప్పుడే దాని సొంత పెట్టె ఎక్కడుందని అడగండి. విడిగా కొనడం కంటే అప్పుడు తీసుకోవడమే చవక. లేదంటే ముందు మీ ట్యూబాను కొలవండి, ఆ తర్వాతే పెట్టె వెతకండి. ఎంత తక్కువకు వచ్చినా, ఎంత గట్టిగా కనిపించినా, కొలత కుదరని పెట్టెను అక్కడే వదిలి రండి.